వాకిట్లో గరిక నాటిన లక్ష్మీసుందరి

మా వీధిలో వాకిలి అంటే ఎర్రమట్టి నేల. తెల్లవారగానే ఊడ్చి, పేడనీళ్లు చల్లి, ముగ్గు పెట్టేవాళ్లు. ఎక్కడైనా ఒక గడ్డిపోచ తలెత్తితే వచ్చేపోయేవాళ్లే వంగి పీకేసేవారు. మనుషులు లేని ఇంటి ముందు, దీపం పెట్టే దిక్కులేని గుమ్మం ముందు తప్ప గడ్డి మొలవకూడదని అందరి పట్టింపు. అలాంటి వీధిలో మా పక్కింటి లక్ష్మీసుందరి పిన్ని పనిగట్టుకుని తన వాకిలంతా గరిక నాటింది. అరవై తొమ్మిదో సంవత్సరం సంగతి ఇది.

చోడవరంలో మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం. పిన్ని భర్త కామేశం బాబాయి చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు తూచే కాటా దగ్గర గుమస్తా. ఫ్యాక్టరీ ఆడే నెలల్లో ఆయన ఎప్పుడు ఇంటికి వచ్చేవాడో, ఎప్పుడు వెళ్లేవాడో మాకు తెలిసేది కాదు. చొక్కాకి చెరుకు చెత్తా, మొహాన నిద్రా అంటుకుని ఉండేవి. ఇంట్లో పెత్తనం ఆయన తల్లి అచ్చియ్యమ్మ మామ్మది. పిన్ని గట్టిగా మాట్లాడగా అప్పటిదాకా ఎవరూ విన్లేదు.

వాళ్లకి ఒక్కతే కూతురు జానకి. దానికి మూడో ఏడు నడుస్తుండగా జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గాని కాళ్లు రెండూ తడిగుడ్డల్లా వేలాడిపోయాయి. పోలియో అన్నారు. నూనె మర్దనాలూ మొక్కులూ అన్నీ అయ్యాయి. అయిదో ఏడు దాటాక ఎడమకాల్లో కొంచెం బలం కనబడింది. అప్పుడు విశాఖపట్నం పెద్దాసుపత్రిలో కొలతలు తీసుకుని, తొడల దాకా ఇనప కడ్డీలు, వాటికి తోలుపట్టీలు, కింద బరువైన బూట్లు చేయించి ఇచ్చారు. ఎంత నడిపిస్తే అంత మంచిదనీ, పడుతుందనీ, పడనివ్వమనీ డాక్టరు చెప్పాడట.

పడనివ్వమనడం తేలికే. ఆ కడ్డీలు పెట్టుకుంటే మోకాళ్లు వంగవు. మామూలు పిల్లలు పడితే కూలబడతారు. జానకి కొట్టేసిన చెట్టులా నిలువునా పడేది. పేడనీళ్లతో గట్టిపడిన నేల అది, పైకి నున్నగా కనిపించినా లోపలంతా కంకర. మొదటి వారంలోనే గడ్డం చీలి కుట్లు పడ్డాయి. ఆ తర్వాత తోలుపట్టీల బకిల్ చప్పుడు వింటే చాలు, ఆ పిల్ల పాక్కుంటూ మంచం కిందికి పోయేది. పిన్ని నేల మీద బోర్లా పడుకుని, మంచం కిందకి చెయ్యి చాపి, బతిమాలుతూ ఉండేది. ఆ బతిమాలడం గోడ ఇవతలికి వినబడేది.

బూట్లు సరిచేయించడానికి మళ్లీ విశాఖపట్నం వెళ్లిన రోజు సాయంత్రం బస్సుకి ఇంకా టైముందని ఒక పార్కులో కూర్చున్నారట. మర్నాడు పిన్ని గోడ దగ్గర నిలబడి మా అమ్మకి ఆ సంగతి చెప్పింది.

"పచ్చిక మీద నిలబెట్టేను అక్కయ్యా. రెండడుగులు వేసి దబ్బున పడిపోయింది. నేను కళ్లు మూసేసుకున్నాను. ఏడుపు వినబడదేటీ? కళ్లు తెరిచి చూద్దును కదా, బోర్లా పడుకుని గడ్డిపోచ వాసన చూస్తోంది. 'అమ్మా, మళ్లీ' అంది. అలా చీకటి పడేదాకా పడుతూనే ఉంది. బస్సు తప్పిపోయింది."

చెబుతూ నవ్వుతోంది. కళ్లలోంచి మాత్రం నీళ్లు కారుతున్నాయి. మా అమ్మ ఆవిడ చేతి మీద చెయ్యి వేసింది.

ఆ వారమే ఇంట్లో గొడవ అయింది.

"నా కంఠంలో ప్రాణం ఉండగా నా గుమ్మం ముందు గడ్డి మొలవనిస్తానా? ఏటే నీ ఉద్దేశం?" అంది అచ్చియ్యమ్మ మామ్మ.

"గడ్డి కాదు అత్తయ్యగారూ, గరిక. వినాయకుడికి పెట్టేదే కదా."

"దేవుడికి పెట్టేది పొలం గట్టు మీద మొలుస్తుంది. గుమ్మం ముందు కాదు."

బాబాయి అన్నం కలుపుకుంటూ తల ఎత్తలేదు. పిన్ని లోపలికి వెళ్లి ఆ ఇనప బూట్లు తెచ్చి అత్తగారి ముందు పెట్టింది.

"అయితే రేపణ్ణించి దాన్ని మీరే నడిపించండి. పడితే మీరే లేపండి. రక్తం మీరే తుడవండి. నా వల్ల కాదు."

ఆ మాట మా ఇంట్లోకే కాదు, ఎదురింట్లోకీ వినబడింది. మామ్మ చాలాసేపు బూట్ల వైపు చూసింది. చివరికి, "గుమ్మం ముందు ముగ్గు పెట్టుకునే మేర వదిలిపెట్టు. ఆ పైన నీ ఇష్టం" అని లేచి వెళ్లిపోయింది.

గరిక తెచ్చి నాటడానికి సన్యాసమ్మని పిలిచారు. మా వీధిలో పాడి ఉన్న ఇళ్లకి పచ్చగడ్డి మోపులు వేసేది ఆవిడే. చెరుకు తోటల్లో కలుపు పనికీ వెళ్లేది. పిన్ని చెప్పింది విని ఆవిడ నోటి మీద చెయ్యి వేసుకుంది.

"ఓలమ్మ! సెరుకులో గరిక పీకి పీకి నా యేళ్లరిగిపోయేయి. ఇప్పుడు దాన్ని తెచ్చి నాటమంతన్నారేటమ్మా? ఇంటే ఊరోళ్లు నన్ను ఎర్రిదాన్ననుకుంతారు."

"పిల్ల నడవడానికే సన్యాసమ్మా."

సన్యాసమ్మ మంచం కిందికి వంగి చూసింది. అక్కణ్ణించి రెండు కళ్లు ఆవిణ్ణి చూస్తున్నాయి. లేచి వెళ్లి, సాయంత్రానికి మోపుడు గరిక వేళ్లతో సహా తెచ్చింది.

అది వైశాఖం. పిన్నికి ఆగే ఓపిక లేదు. గరికకేం, రాతి మీదైనా బతుకుతుందని సన్యాసమ్మ ధైర్యం. ఇద్దరూ కలిసి గునపాలతో నేల పెళ్లగించి, కంకర ఏరి పోసి, గరిక పాతారు. పిన్ని పొద్దునా సాయంత్రం నూతిలోంచి నీళ్లు తోడి పోసింది. వారం తిరక్కుండా అంతా చీపురుపుల్లల్లా ఎండిపోయింది.

సన్యాసమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని దాన్ని తిట్టింది. "తోటలో సావమంటే సావదు. ఇక్కడ బతకమంటే బతకదు. దీని బుద్ది సూసేరా అమ్మా!"

పిన్ని నవ్వలేదు. ఆ సాయంత్రం ఎండిన పోచలన్నీ ఊడ్చి కుప్ప చేసి, అక్కడే చాలాసేపు కూర్చుంది. కామేశం బాబాయి డ్యూటీ నుంచి వచ్చి ఆవిణ్ణి చూశాడు. రెండు రోజుల తర్వాత ఒక బండి మా వీధిలోకి వచ్చింది. దాని నిండా ఫ్యాక్టరీలో చెరుకు రసం వడగట్టగా మిగిలిన నల్లటి మడ్డి. పొలాలకి ఎరువుగా తోలుకుపోయే సరుకది. వీధంతా పులిసిన బెల్లం వాసన కొట్టింది. బండి వెనకాల బాబాయి సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. తల్లి వైపు చూడకుండా, "వానలు పడే లోపల మట్టిలో కలిపేస్తే బాగుంటుందిట" అన్నాడు. అలా ఆయన ఏ పక్షమో తేలింది.

ఆషాఢంలో తొలకరి పడ్డాక మళ్లీ మొదలుపెట్టారు. గరిక తీగల్ని వేలెడు ముక్కలుగా తరిగి, తడినేల మీద చల్లి, పైన మెత్తటి మన్ను జల్లెడ పట్టి పోసి, పాదాలతో తొక్కారు. తొక్కడానికి వీధిలో పిల్లలందర్నీ పిలిచింది పిన్ని. నేనూ తొక్కాను. జానకి అరుగు మీద కూర్చుని అటు తొక్కండి, ఇటు తొక్కండి అని మా మీద అధికారం చేసింది.

ఈసారి పట్టుకుంది. ఒక్కో కణుపు దగ్గర సన్నటి మొలక లేచింది. కాని మన్నుతో పాటు తుంగ కూడా వచ్చింది. తుంగని పైన పీకితే కింద గడ్డ మిగిలిపోతుంది, మళ్లీ మర్నాటికి లేస్తుంది. పిన్నీ సన్యాసమ్మా గొంతుక్కూర్చుని, మేకుతో తవ్వి ఒక్కో గడ్డా బయటికి లాగేవారు. అలా కూర్చున్నప్పుడు ఇద్దరూ ఏవేవో మాట్లాడుకునేవారు. చీడికాడ వైపు సన్యాసమ్మ పుట్టిల్లు, వరసగా పోయిన ఆవిడ పిల్లలు, పిన్నికి కాన్పులో పోయిన మగపిల్లాడు. పెద్దవాళ్ల ముందు మాట్లాడని మాటలు వాళ్లు నేల వైపు చూస్తూ మాట్లాడుకున్నారు. మామ్మ అరుగు మీద జపమాల తిప్పుకుంటూ, "అదిగో, నీ ఎడం చేతి పక్కన ఇంకోటి ఉంది, కనబడటం లేదేటి?" అంటుండేది.

శ్రావణానికి వాకిలి పచ్చబడింది. భాద్రపదానికి ఒత్తుగా అల్లుకుంది. వినాయక చవితి నాడు వీధి వీధంతా గరిక కోసం గేటు ముందు నిలబడింది. అరిష్టం అన్నవాళ్లే మొదట వచ్చారు. గుప్పెళ్లకి గుప్పెళ్లు పీకుతుంటే పిన్ని మొహం పాలిపోయింది. పండగ పూట కాదనలేదు. అప్పుడు మామ్మ చేతికర్ర పట్టుకుని వాకిట్లోకి దిగింది.

"ఎవరూ చెయ్యి వెయ్యకండి. నేనిస్తాను. ఇంటికి ఒక్క గుప్పెడు. అదీ గోడ వారన మాత్రమే. నడిమిని కోస్తే ఊరుకోను, నా మనవరాలు పడే చోటది."

అని తానే వంగి కోసి అందరికీ పంచింది. ఆ తర్వాత వాకిలి సంగతి ఎవరైనా అడిగితే పిన్ని కంటే ముందు మామ్మే జవాబు చెప్పేది.

జానకి మళ్లీ బూట్లు తొడుక్కుంది. మొదట పిన్ని చెయ్యి, తర్వాత సన్యాసమ్మ చెయ్యి, తర్వాత ఒక వెదురు కర్ర. చలికాలం పొద్దున్నే గడ్డి మీద మంచు నిలిచేది. తోలు నానిపోతుందని, కడ్డీలు తుప్పు పడతాయని ఎండ ఎక్కేదాకా ఆగేవారు. ఆ ఎండ ఎక్కే వేళకి మేమూ గోడ దూకి వచ్చేవాళ్లం. జానకి పడగానే మేమూ పడిపోయేవాళ్లం. ఎవరు చెప్పారో, ఎలా మొదలైందో గుర్తులేదు. అది నిలువునా పడుతుంది కదా, అలాగే కాళ్లు బిగబట్టి పడాలి. మోకాలు వంచినవాళ్లు ఓడినట్టు. మాలో ఎవరికీ అది చేతనయ్యేది కాదు. జానకే గెలిచేది. గడ్డి మీద వెల్లకిలా పడి అది నవ్వే నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఏడాది తిరిగేసరికి పిన్నికి ఆ గడ్డి మర్మాలు తెలిసిపోయాయి. వానాకాలంలో వారానికోసారి సన్యాసమ్మ కొడవలితో కోసి, కోసినదంతా తన గేదెకి పట్టుకుపోయేది. కూలి అడిగేది కాదు, అదే కూలి. పుష్యమాసంలో పచ్చదనం పోయి గోధుమరంగుకి తిరిగితే చచ్చిపోయిందని మేం అనుకునేవాళ్లం. పిన్ని మాత్రం కంగారుపడకుండా చెరువుమట్టీ మడ్డీ కలిపి జల్లెడ పట్టి పైన పలచగా పరిచేది. మాఘంలో ఎండ మారగానే మళ్లీ చిగురు వచ్చేది. ఎండాకాలంలో కొడవలి పెట్టనిచ్చేది కాదు. పొడుగ్గా పెరిగితే దాని నీడలో దాని వేరు చల్లగా ఉంటుందని. స్నానాల నీళ్లు కాలవ తీసి అటే మళ్లించింది. సాయంత్రం నీళ్లు చల్లగానే లేచే ఆ వాసనకి వీధిలో ఆడవాళ్లు పనులు ముగించుకుని వచ్చి కూర్చునేవారు.

డెబ్బై రెండులో వానలు మొహం చాటేశాయి. చెరుకు మోకాలెత్తు దాటలేదు. మరుసటి వేసవికి వీధిలో నూతులన్నీ అడుగంటాయి. కామేశం బాబాయిగారిది తాతల నాటి లోతు నుయ్యి, అందులో మాత్రం కాసిని నీళ్లు ఊరేవి. పిన్ని గేటు తీసి ఉంచింది. తెల్లవారుతూనే బిందెలు వరసలో నిలబడేవి.

ఒక సాయంత్రం పిన్ని అలవాటు కొద్దీ చేద తోడి గడ్డి మీద పోయబోయింది. నూతి దగ్గర నిలబడిన ఆడవాళ్లు మాట్లాడ్డం మానేశారు. అందరి చూపూ నీటి మీదే ఉంది. పిన్ని చేదని అలాగే తీసుకెళ్లి వరసలో చివర నిలబడిన ఒకావిడ బిందెలో పోసేసింది. ఆ రోజు నుంచి గడ్డికి నీళ్లు లేవు. మే నెలకి వాకిలి ఎండి, తొక్కితే కరకరలాడే పీచు మిగిలింది. దాని కింద నేల మళ్లీ రాయిలా గట్టిపడింది.

సన్యాసమ్మ అప్పుడు రావడం తగ్గించింది. మోపులు వేయడానికి ఎక్కడా గడ్డి లేదు. ఒకనాడు గేదెని తాడు పట్టుకుని వీధి వెంట వెళ్తుంటే పిన్ని చూసింది. ఎముకలు లెక్కపెట్టొచ్చు.

"దాన్నిలా తీసుకురా. ఈ పీచు మేయనీ" అంది పిన్ని.

"వద్దమ్మా. పాపాయి నడిసే గెడ్డి ఇది. నా సేతుల్తో నాటేను, నా గేదెకి మేపుతానా?"

"గడ్డి కోసం గేదె చావాలా? వానలు పడితే మళ్లీ వస్తుంది. రాకపోతే మళ్లీ నాటుకుందాం. తీసుకురా."

సన్యాసమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గేదెని వాకిట్లోకి తోలింది. అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం దాన్ని అక్కడ వదిలేసి చెరువు పూడిక తీసే కరువు పనికి వెళ్లేది. దాని కాపలా జానకిది. అప్పటికి దానికి పదో ఏడు. బడికి వెళ్లాలంటే బాబాయి సైకిలు మీదే. గడ్డి దాటి సొంతంగా అడుగు వేయడానికి దానికి భయం. పిన్నికి ఇంకా భయం.

ఒకరోజు నీళ్లకి వచ్చినవాళ్లెవరో గేటు వేయడం మరిచిపోయారు. పిన్ని వంటింట్లోంచి వచ్చి చూస్తే గేదె లేదు, జానకి లేదు. ఆవిడ కేకకి మా అమ్మా నేనూ పరిగెత్తుకొచ్చాం. వీధి చివర, చెరుకుబండ్లు తొక్కి గుల్ల చేసిన దారిలో, ముందు గేదె, వెనకాల తాడు పట్టుకుని జానకి. ఒక చేతిలో వెదురు కర్ర. మేం చూస్తుండగానే బండి గాడిలో బూటు తగులుకుని నిలువునా పడింది. పిన్ని గుండెల మీద చెయ్యి వేసుకుని పరిగెత్తబోయి, ఎందుకో ఆగిపోయింది. మా అమ్మ ముందుకి వెళ్లబోతే కొంగు పట్టుకుని ఆపేసింది.

జానకి బోర్లా తిరిగి, చేతులు ఆనించి, నడుం పైకెత్తి, కర్ర మీద బరువు వేసి లేచింది. గడ్డి మీద అన్నేళ్లు లేచిన పద్ధతే. మోచేతి మీద రక్తం చూసుకుని గౌనుకి తుడిచేసుకుంది. అప్పుడు వెనక్కి తిరిగి మమ్మల్ని చూసింది.

"అమ్మా! ఇది బయటికొచ్చేసింది. సన్యాసమ్మింటికి తోలుకెళ్లిపోతన్నాను."

"అలాగే తోలుకెళ్లవే" అంది పిన్ని. "నేనూ వస్తన్నాను."

పిన్ని దాని చెయ్యి పట్టుకోలేదు. నాలుగడుగులు వెనకగా, ఆ ఎండలో చెప్పుల్లేకుండా, సన్యాసమ్మ ఉండే పేటదాకా నడిచింది. సన్యాసమ్మ పని నుంచి వచ్చేసరికి పాక ముందు నులక మంచం మీద జానకి కూర్చుని నీళ్లు తాగుతోంది.

"ఎవులు దించేరమ్మా పాపాయిని?" అని అడిగింది సన్యాసమ్మ.

"ఎవరూ దించలేదే. నేనే నడిచొచ్చేను" అంది జానకి.

సన్యాసమ్మ ఆ పిల్ల మొహం రెండు చేతులతో పట్టుకుని, మట్టి అంటుకున్న బూట్లకేసి చూస్తూ ఉండిపోయింది.

ఆ ఏడు తొలకరి సకాలంలో పడింది. గేదె మేయగా మిగిలిన మొదళ్లలోంచి గరిక సగం తిరిగి వచ్చింది. మిగిలిన సగం మళ్లీ నాటారు. జానకి మాత్రం ఇక దాని మీద ఎక్కువ సేపు ఉండేది కాదు. బడికి నడిచే వెళ్లేది. మాతో పాటు బయలుదేరితే ఆలస్యమవుతుందని ముందే బయలుదేరేది. దారిలో పడేది, లేచేది. వాకిట్లో సాయంత్రాలు పెద్దవాళ్లవి అయిపోయాయి. మామ్మ చివరి రెండు వేసవులూ మంచం గడ్డి మీదే వేయించుకుంది. కిటికీలో రేడియో పెట్టి వార్తలు వింటూ, అర్థం కానివి బాబాయిని అడిగి, ఆయన చెప్పింది నమ్మకుండా మళ్లీ మా నాన్నని అడిగేది. డెబ్బై ఆరులో ఆవిడ పోయింది.

డెబ్బై తొమ్మిదిలో జానకి ఇంటర్ చదవడానికి అనకాపల్లి కాలేజీలో చేరింది. బస్సు మెట్టు ఎత్తు. మొదటి రోజు పిన్నీ నేనూ బస్టాండు దాకా వెళ్లాం. జానకి కర్ర ముందు పైకి విసిరి, రెండు చేతులతో కడ్డీ పట్టుకుని, ఒళ్లంతా పైకి లాక్కుంది. కండక్టరు సాయం పట్టబోతే వద్దంది. బస్సు కదిలాక కిటికీలోంచి చెయ్యి ఊపింది.

ఆ సాయంత్రం సన్యాసమ్మ కొడవలి పట్టుకుని గడ్డి కోయడానికి వచ్చింది. శ్రావణమాసం, పొద్దున్న వాన వెలిసి వాకిలంతా మెరుస్తోంది. నేను గోడ ఇవతల బట్టలు తీస్తున్నాను.

"ఇంక పాపాయికి ఈ గెడ్డితో పనేటుందమ్మా? పీకేసి నాలుగు వంగమొక్కలు, బెండమొక్కలు ఏసుకోండి. కూరకైనా వత్తాయి."

పిన్ని అరుగు దిగి వచ్చింది. చీర కుచ్చిళ్లు సర్దుకుని, గడ్డి నడిమిని కూర్చుంది. కాసేపటికి కాళ్లు చాపుకుంది. తర్వాత చుట్టూ ఒకసారి చూసి, ఎవరేమనుకుంటారోనన్న సంకోచం మొహంలో కనబడుతుండగానే, మెల్లగా వెల్లకిలా పడుకుంది.

"ఎలాగుంది అమ్మా?" అంది సన్యాసమ్మ నవ్వుతూ.

"తడిగా ఉందే" అంది పిన్ని. "నువ్వూ రా. కొయ్యడం రేపు చూసుకుందాం."

సన్యాసమ్మ కొడవలి గోడ మీద పెట్టి, పక్కనే చతికిలబడింది.